అద్దె కోట్లు, మురికి మంచు

వాన వెలిసిన మర్నాడు మా వార్డు ఆఫీసు గోడ పక్కన పారిశుద్ధ్యం వాళ్ల గమ్‌బూట్లు వరసగా బోర్లించి ఉంటాయి. తడి రబ్బరు, చెమట, ఆరని మేజోళ్లు కలిసిన ఆ వాసన ముక్కుకి తగిలితే చాలు, నేను మనాలి దాటి పల్చాన్ దగ్గరికి వెళ్లిపోతాను. ఒకప్పుడు హైదరాబాద్ నుంచి కొత్త జంటల్ని గ్రూపులుగా కులు-మనాలి తీసుకెళ్లే టూర్ల పనిలో ఉండేవాణ్ణి. ఆ ప్యాకేజీలో అందరూ ఎదురుచూసే రోజు ఒకటుండేది, మనాలి పైనున్న సోలాంగ్ లోయలో స్కీయింగ్ రోజు, అంటే కాళ్లకి పొడుగాటి పట్టీల్లాంటి స్కీలు తగిలించుకుని మంచు వాలు మీద జారే రోజు. పొద్దున కేరింతలు కొడుతూ ఎక్కిన జంటలు సాయంత్రం చెరో కిటికీ వైపు తిరిగి కూర్చుని దిగేదీ ఆ రోజే.

ఆ రోజు ఎందుకలా పాడయ్యేదో ఇప్పుడు తీరిగ్గా తలుచుకుంటే చాలా సంగతులు గుర్తొస్తున్నాయి.

ముహూర్తాలు, మంచు

అసలు తిరకాసు పంచాంగంలోనే ఉండేది. సోలాంగ్‌లో మంచు నేల మీద నమ్మకంగా నిలిచేది జనవరి నడిమి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. మనకేమో సంక్రాంతి దాకా ధనుర్మాసం, ఆపైన పుష్యం శూన్యమాసం. మాఘం వచ్చాక గానీ మేళం మోగదు. మాఘంలో పెళ్లయి, సత్యనారాయణ వ్రతం, పదహారు రోజుల పండగ అన్నీ ముగించుకుని, సెలవు దొరికించుకుని బయల్దేరేసరికి మార్చి. వైశాఖ, జ్యేష్ఠాల పెళ్లిళ్లకైతే మే, జూన్. మేలో సోలాంగ్ అంటే పచ్చిక బయలు. గుర్రాలుంటాయి, పారాగ్లైడింగ్ ఉంటుంది, పెద్ద ప్లాస్టిక్ బంతిలో మనిషిని పెట్టి దొర్లించే జార్బింగ్ ఉంటుంది. మంచు మాత్రం తలెత్తి చూస్తే కొండల నెత్తిన కనిపిస్తుంది, అంతే. ప్యాకేజీ కాగితం మీద మాత్రం ఏడాది పొడవునా అదే తెల్లటి వాలు ఫొటో.

ఎత్తు లెక్క తెలిస్తే ఈ ఆశాభంగం సగం తగ్గేది. మనాలి సముద్రమట్టానికి సుమారు 2,050 మీటర్లు. సోలాంగ్ అక్కడికి పదమూడు, పద్నాలుగు కిలోమీటర్ల దూరమే, ఎత్తు సుమారు 2,560. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అంటే మనాలికీ సోలాంగ్‌కీ తేడా మూడు డిగ్రీలు. మనాలిలో జల్లు పడుతుంటే సోలాంగ్‌లో పడేది మంచో, వానో, రెండూ కలిసిన చిత్తడో చెప్పలేం. రోహ్‌తాంగ్ కనుమ 3,978 మీటర్లు, అంటే మనాలి కంటే పన్నెండు డిగ్రీల పైగా చల్లన. అందుకే డ్రైవర్ల నోట వినిపించే 'స్నో పాయింట్' ఒక ఊరు కాదు, కాలాన్ని బట్టి పైకి జరుగుతూ పోయే చోటు. చలికాలంలో సోలాంగ్, ఎండ ముదిరే కొద్దీ గులాబా, ఆ తర్వాత మర్హీ, చివరికి రోహ్‌తాంగ్. ఆ రోడ్డు నవంబరు చివరికల్లా మూసుకుపోతే మళ్లీ మేలోనో జూన్‌లోనో సరిహద్దు రహదారుల వాళ్లు మంచు తవ్వి తెరిచేవాళ్లు. పైన దండిగా మంచున్న నెలల్లో దారుండదు, దారి తెరిచే నాటికి కింద మంచుండదు.

ఇప్పుడైతే పరిస్థితి వేరు. జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) ఉత్తర్వుల తర్వాత రోహ్‌తాంగ్‌కి వెళ్లే బళ్లకి లెక్క కట్టి పర్మిట్లు ఇస్తున్నారు. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన అటల్ టన్నెల్ తొమ్మిది కిలోమీటర్ల పొడవున కొండని దూసుకుపోయి అవతల లాహుల్‌లో తేలుతుంది. వాతావరణం అనుకూలిస్తే చలికాలంలోనూ అక్కడి సిస్సు ఊరి దాకా వెళ్లి మంచు తొక్కి రావచ్చు. మర్హీ ధాబాల్లో రాజ్మా అన్నం కోసం బళ్లు బారులు తీరిన రోజులు వెనకబడ్డాయి. మంచు నమ్మకం కూడా తగ్గింది. 2024 జనవరిలో గుల్మార్గ్ అంతటి చోటే చాలా రోజులు గోధుమరంగు గడ్డితో ఉండిపోయింది.

దారి

నాంపల్లిలో పొద్దున్నే ఏపీ ఎక్స్‌ప్రెస్. రాష్ట్రం విడిపోయాక అది తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయింది కానీ మా కాలం వాళ్లకి ఇప్పటికీ నోట్లో పాత పేరే ఆడుతుంది. మర్నాడు ఢిల్లీ, ఆ సాయంత్రం మనాలి బస్సు. ఐదు వందల పైచిలుకు కిలోమీటర్లు. కీరత్‌పూర్ దాటి స్వార్‌ఘాట్ మలుపులు మొదలయ్యేది అర్ధరాత్రి. అవోమిన్ మాత్ర బస్సెక్కే ముందు వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. అది ఎన్నిసార్లు చెప్పినా, డ్రైవర్‌ని బతిమాలి బస్సు ఆపించే జంట ప్రతి ట్రిప్పులోనూ ఉండేది.

రెండు రాత్రులు నిద్రలేక, పులిహోర పొట్లాలు ఖాళీ అయి, ఊరగాయ నూనె స్వెటర్లకి అంటుకున్న స్థితిలో దిగేవాళ్లు. చాలా కంపెనీలు మర్నాడే మంచు రోజు పెట్టేవి. రెండు వేల మీటర్ల ఎత్తే ఒంటికి కొత్త, పైగా నిద్రలేమి. తలనొప్పితోనే తెల్లారేది. ఆ ఒక్కరోజు మధ్యలో ఖాళీ ఉంచి, హిడింబ గుడి, మాల్ రోడ్డు చూపించి, మూడోనాడు సోలాంగ్ పెట్టిన గ్రూపుల్లో గొడవలు సగమయ్యేవి.

నంబర్ యాద్ రఖ్నా

ఎనిమిదికి బయల్దేరాలంటే తొమ్మిదిన్నర అయ్యేది. హోటల్లో గీజరు చిన్నది, ఒక బకెట్ వేణ్ణీళ్లు అయ్యాక మళ్లీ కాగడానికి ఇరవై నిమిషాలు. ఇద్దరూ స్నానం చేసి, ఆమె జడ వేసుకుని, ఆయన ఆలూ పరాఠా రెండోది అడిగేసరికి, పల్చాన్ వంతెన దగ్గర బళ్లు బంపరుకి బంపరు తగిలేలా నిలిచిపోయేవి.

దారిలో కోట్ల దుకాణాలు. రేకుల షెడ్లు, ప్రతిదానికీ పెద్ద అంకె. ఏ నంబరు దగ్గర బండి ఆగాలో డ్రైవరు ముందే అనుకుని ఉంటాడు, అతనికి కమీషన్ అక్కడే. కోటుకీ బూట్లకీ కూడా అదే అంకె పెయింటుతో రాసి ఉండేది. "మేడమ్ జీ, నంబర్ యాద్ రఖ్నా" అని, నంబరు గుర్తుంచుకోమని, దుకాణం మనిషి రెండుసార్లు చెప్పేవాడు. హిందీ రాని రాజమండ్రి వైపు వాళ్లు "ఏం రాయమంటున్నాడండీ?" అని నన్నడిగేవాళ్లు. పైనా కిందా కలిసిన సూటు, గమ్‌బూట్లు, గ్లవుజులు అద్దెకి. మేజోళ్లు మాత్రం కొనుక్కోవాలి, దుకాణానికి అసలు లాభం అందులోనే.

తీసుకునేటప్పుడు చూసుకోవాల్సినవి చాలా ఉండేవి, ఎవరూ చూసుకునేవాళ్లు కాదు. జిప్పు మెడ దాకా పైకి లాగి మళ్లీ కిందికి దింపి చూడాలి. పళ్లు విరిగిన జిప్పు మంచులో మొరాయిస్తే బాత్రూమ్‌కి వెళ్లడం కూడా గండమే. మోకాలి దగ్గర, పిరుదుల దగ్గర కుట్లు ఊడి ఉంటే మొదటిసారి కూలబడగానే నీళ్లు లోపలికొస్తాయి. బూట్లు రెండూ ఒకే సైజువేనా, ఒకటి ఎడమదీ ఒకటి కుడిదేనా చూడాలి. నవ్వకండి, రెండూ ఎడమవే వచ్చిన సందర్భాలున్నాయి. బూటు లోపల చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడాలి, నిన్నటి మనిషి చెమట రాత్రికి ఆరదు. చీర మీద ఆ సూటు ఎక్కదు. కుచ్చిళ్లు లోపల ఉండచుట్టుకుని నడవనివ్వవు. అందుకని సల్వారో, ప్యాంటో వేసుకుని రమ్మని ముందురోజు రాత్రే చెప్పేవాణ్ణి. అత్తగారు కొన్న పట్టుచీరలో ఒక ఫొటో తీయించుకు రమ్మన్నారని చీరలోనే వచ్చే అమ్మాయిలుండేవాళ్లు, ఎవర్నని ఏం లాభం.

మేజోళ్ల దగ్గర మన వాళ్లు చేసే పని అందరికీ ఒకటే: మూడు జతలు ఒకదాని మీద ఒకటి. పాదం బూటులో ఇరుక్కుంటే రక్తం ఆడదు, రక్తం ఆడని కాలు ఎన్ని మేజోళ్లు వేసినా చల్లబడుతుంది. నూలు మేజోడు చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది. పల్చటి ఉన్ని మేజోడు ఒక జత చాలు, పొడిది ఇంకో జత కోటు జేబులో. అంతే.

అరగంట స్కీయింగ్

బండి దిగిన చోటు నుంచి వాలు దాకా నడక. ఈలోపు గుర్రం వాళ్లు, జడలబర్రె మీద ఫొటో వాళ్లు, బొచ్చు కుందేలుని చేతిలో పెట్టేవాళ్లు, కుంకుమపువ్వు, శిలాజిత్తు అమ్మేవాళ్లు చుట్టుముట్టేవాళ్లు. వాలు మొదట్లో మంచు తెల్లగా ఉండదు. వేల బూట్లు తొక్కిన మంచు, గుర్రపు లద్దె, మ్యాగీ ప్లేట్లు కలిసి బూడిదరంగులో ఉండేది. "ఏమండీ, ఇదేనా?" అనే మాట అక్కడ ఎన్ని గొంతుల్లో విన్నానో.

స్కీలు అద్దెకిచ్చేవాడు బూట్లు తొడిగించి, చేతిలో స్టిక్కులు పెట్టి, స్టిక్కుల కొసలు పట్టుకుని తను వెనక్కి నడుస్తూ లాక్కుపోయేవాడు. వంద అడుగులు అటు, వంద ఇటు. అరగంటకి డబ్బు, అందులో పావుగంట బూట్లకే పోయేది. దాన్ని స్కీయింగ్ అనలేం. కానీ ఆ పావుగంటలో నాలుగు సంగతులు సరిగ్గా జరిగితే మనిషి తనంతట తాను ఇరవై అడుగులు జారి ఆగగలడు. అది చూశాను కాబట్టే చెప్తున్నాను.

మొదట బూటు. స్కీ బూటు గమ్‌బూటు లాంటిది కాదు, పిక్క దాకా గట్టి ప్లాస్టిక్ డిప్ప. కాలు పెట్టి మడమని నేలకేసి రెండుసార్లు కొట్టి వెనక్కి కూర్చోబెట్టాలి. ముందు చీలమండ దగ్గరి బకిల్, తర్వాత పిక్క మీదివి, వేళ్ల మీది బకిల్ వదులుగా. నిటారుగా నిలబడితే బొటనవేలి కొస లోపలి మెత్తకి తగలాలి, మోకాళ్లు ముందుకి వంచితే వెనక్కి రావాలి. నడిచేటప్పుడు హాయిగా ఉందని ఒక సైజు పెద్దది తీసుకుంటే, కాలు లోపల తిరుగుతుంది కానీ స్కీ తిరగదు. మన అమ్మాయిలకి ఇంకో చిక్కు, మెట్టెలు. గట్టి డిప్పలో రెండో వేలికున్న వెండిచుట్టు పక్కవేళ్ల మధ్య నొక్కుకుని పది నిమిషాల్లో కళ్లలో నీళ్లు తెప్పించేది. పెళ్లయి నెల కాలేదు, తీయడానికి మనసొప్పదు. కాసేపు తీసి పర్సులో పెట్టుకుంటే ఏమీ కాదని పక్క అమ్మాయి నచ్చచెప్తే కొందరు తీసేవాళ్లు. కొందరు ఆ నొప్పితోనే రోజంతా గడిపారు.

తర్వాత బైండింగ్, బూటుని స్కీకి పట్టి ఉంచేది. బూటు అడుగున మంచు ముద్ద అంటుకుని ఉంటే అది ఎంత తొక్కినా పట్టదు. స్టిక్కు మొనతో గీకి, ముందు వేళ్ల భాగం దూర్చి, ఆపైన మడమతో గట్టిగా తొక్కితే 'టక్' మంటుంది. వాలు మీదైతే కిందివైపు స్కీ ముందు తొడగాలి, లేకపోతే రెండోది తొడిగేలోగా మొదటిది మనిషిని లాక్కుపోతుంది. బైండింగ్‌కి ఒక బిగింపు అంకె ఉంటుంది. మనిషి బరువు, ఎత్తు, అనుభవం, బూటు పొడుగు చూసి దాన్ని సరిచేయాలి, పడ్డప్పుడు స్కీ ఊడిరావాలి కాబట్టి. అద్దె స్కీల్లో యాభై కిలోల అమ్మాయికీ ఎనభై అయిదు కిలోల ఆయనకీ ఒకటే బిగింపు. ఆమెకి ఎంత పడ్డా ఊడదు, మోకాలు మెలిపడుతుంది. ఆయనకి అడుగడుక్కీ ఊడుతుంది. "చూశావా, నాకు పనికిరానివి ఇచ్చాడు" అని ఆయన, "ఊడటమే మేలు" అని ఆమె.

ఇక నిలబడటం. కొత్తవాళ్లు వాలు చూడగానే భయంతో వెనక్కి వాలతారు. అదే కొంప ముంచేది. బరువు వెనక పడితే స్కీల ముందు భాగం తేలికై మాట వినదు, వేగం ఇంకా పెరుగుతుంది. మోకాలి కింద ముందువైపు ఎముక బూటు నాలుకని నొక్కుతున్నట్టు తెలియాలి, చేతులు ముందుకి, చూపు దూరంగా. ఆగాలంటే స్కీల ముందు కొనలు దగ్గరగా, మడమలు దూరంగా తోసి, లోపలి అంచుల మీద బరువు వేయాలి. ఎంత వెడల్పు తోస్తే అంత నెమ్మది. కొనలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే ముందుకి బోర్లా. దీనికి 'బ్రేక్ లగావో' అనే కేక తప్ప ఇంకే పాఠమూ ఉండేది కాదు.

పడటం కూడా నేర్చుకోవాల్సిందే. ముందుకి కాదు, చేతులు అడ్డం పెట్టి కాదు, పక్కకి పిరుదు మీద కూలబడాలి. స్టిక్కు తాడు మణికట్టుకి చుట్టుకుని పడితే బొటనవేలి కీలుని పట్టి ఉంచే లిగమెంటు తెగవచ్చు, అందుకని నేర్చుకునేటప్పుడు తాడు తగిలించుకోకపోవడమే మంచిది. లేచేటప్పుడు స్కీలు రెండూ వాలుకి అడ్డంగా, మనిషికి కిందివైపు ఉండాలి. చాలామంది స్కీల కొనలు లోయ వైపు ఉంచి లేవబోయేవాళ్లు, సగం లేచేసరికి మళ్లీ జారేవాళ్లు. భర్త లేపబోయి తనూ పడటం, ఇద్దరి స్కీలూ మెలికపడటం, చుట్టూ గుజరాతీ, బెంగాలీ జంటల నవ్వులు. అప్పటిదాకా ఒకరినొకరు 'మీరు' అనుకుంటూ మొహమాటపడ్డవాళ్లు అక్కడే మొదటిసారి గట్టిగా అరుచుకునేవాళ్లు. ఆ అరుపులు నాకైతే బాగానే అనిపించేవి.

నిజంగా నేర్చుకోవాలనుకునేవాళ్లకి ఆ పక్కనే దారుంది. మనాలిలో 1961 నుంచీ ఉన్న పర్వతారోహణ సంస్థ, ఇప్పుడు అటల్ బిహారీ వాజపేయి పేరుతో ఉన్నది, సోలాంగ్‌లో స్కీ కోర్సులు నడుపుతుంది. ఉత్తరాఖండ్‌లోని ఔలీలోనూ, కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లోనూ కోర్సులున్నాయి. ప్రాథమిక కోర్సే రెండు వారాల మాట, మొదటి రోజులన్నీ అడ్డంగా అడుగులేస్తూ పైకెక్కడంతోనే సరి. దాన్ని అరగంటకి కుదించి అమ్మితే ఏమవుతుంది?

మధ్యాహ్నం రెండు దాటాక

వసంతపు మంచు రాత్రి గడ్డకట్టి, పొద్దున గాజులా గట్టిగా ఉంటుంది. పది, పదకొండు గంటల మధ్య పైపొర కొద్దిగా కరిగి, జారడానికి బాగుంటుంది. ఒంటిగంట దాటితే ముద్ద. మంచు రవ్వల మధ్య నీరు చేరి స్కీ అడుగుని పట్టేసుకుంటుంది, జారుతున్న మనిషి ఉన్నట్టుండి ఆగి ముందుకి తూలుతాడు. వెచ్చటి మంచుకి వేరే మైనం ఉంటుంది, అద్దె స్కీలకి అదెవరు పూస్తారు? కొందరు కొవ్వొత్తి ముక్క రుద్దేవాళ్లు, కాసేపు పనిచేసేది. మన బళ్లు ట్రాఫిక్ దాటుకుని సరిగ్గా ఆ ముద్ద వేళకే చేరేవి.

ఎండ సంగతి ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. కొత్త మంచు మీద పడ్డ వెలుగులో పదింట ఎనిమిది వంతులు పైనే తిరిగి మొహానికి కొడుతుంది. గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచున కూడా చర్మం కమిలేది. చల్లగా ఉంది కదా, ఎండ దెబ్బేమిటి అనుకునేవాళ్లు. నల్లకళ్లద్దాలు అందరి దగ్గరా ఉండేవి, ఫొటోకి అడ్డమని నుదుటి మీదికి ఎక్కించేవాళ్లు. రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టుందని తలుపు కొట్టేవాళ్లు.

మూడున్నరకల్లా పడమటి కొండ నీడ వాలు మీదికొచ్చేది. నీడ రాగానే చలి ఒక్కసారి దిగుతుంది. తడిసిన మేజోళ్లు, ఖాళీ కడుపు. అప్పుడు మ్యాగీ. ఆ ఎత్తులో నీళ్లు తొంభై ఒకటి, తొంభై రెండు డిగ్రీలకే మరుగుతాయి, అందుకని రెండు నిమిషాలన్నది అయిదారు నిమిషాలు పడుతుంది. దుకాణం వాడు ఆగడు, సగం ఉడికిందే ప్లేటులో వేసేవాడు. ఆ సగం ఉడికిన మ్యాగీయే ఆ రోజు మొత్తంలో బాగున్నదని చాలామంది అనేవాళ్లు, పచ్చిమిరపకాయ ముక్కలు ఎక్కువ వేయించుకుంటే ఇంకా.

బూడిదరంగు ప్రింట్లు

అసలు దిగులు ఇంటికొచ్చాక, ముప్పై ఆరు ఫొటోల రీలు అబిడ్స్‌లోనో కోఠీలోనో కడిగించాక మొదలయ్యేది. మంచు బూడిదరంగు, మొహాలు నలుపు. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు ఎదుటున్నది నడిమి రంగు అనుకుని లెక్క కడుతుంది. చట్రమంతా తెలుపైతే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. ఒకటి నుంచి రెండు స్టాపుల దాకా వెలుగు ఎక్కువ ఇవ్వాలి, ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు. అంకెలు మార్చుకునే కెమెరా ఉన్నవాళ్లు వంద స్పీడు ఫిల్ముని యాభై అని పెడితే సరిపోయేది. ఏ అంకెలూ మార్చలేని చిన్న కెమెరాల వాళ్లకి ఉన్న ఒకే దారి, పట్టపగలైనా ఫ్లాష్ వేసుకోవడం, కనీసం మొహాలు తేలేవి. చలికి బ్యాటరీ నీరసిస్తుంది, చొక్కా లోపలి జేబులో ఒంటి వేడికి ఉంచుకుంటే కోలుకుంటుంది. ఇవన్నీ బస్సులో చెప్పేవాణ్ణి. అప్పటికి స్వార్‌ఘాట్ మలుపుల్లో ఎవరి తలకాయ ఎవరి భుజం మీదుందో వాళ్లకే తెలియదు.

కొందరు స్టూడియో వాళ్లతో పోట్లాడి మళ్లీ ప్రింట్లు వేయించుకున్నారు. తేల్చి తీస్తే మంచు తెల్లబడేది, దాంతోపాటు ఆకాశం, దేవదారు చెట్ల కొసలు కూడా తెల్లబడేవి. తర్వాత ఎప్పుడో వాళ్ల ఇళ్లకి వెళ్తే ఆల్బమ్‌లో సోలాంగ్ పేజీలో పెద్ద సైజు చేయించి పెట్టుకున్నది దాదాపు ఒకే రకం ఫొటో: మ్యాగీ దుకాణం టార్పాలిన్ కింద, చేతిలో ప్లేటు, ఎర్రబడ్డ ముక్కులు, ఇద్దరూ దేనికో విరగబడి నవ్వుతూ. దానికి ఏ సవరణా అక్కర్లేకపోయింది. ఆ టార్పాలిన్ కింద మీటరుని మోసం చేసేంత తెల్లనిదేదీ లేదు మరి.